బాపు తెచ్చిన క్రోమియం గోళీలు

ఇయ్యాల మా బాపును మట్టెవాడల షుగర్ డాక్టర్ దగ్గరికి తోలుకపోయిన. దుబాయి నుంచి వచ్చిన తన దోస్తు షుగర్ తగ్గుతదని ఇచ్చిన క్రోమియం గోళీల సీసా చూపెట్టి, "ఇగ మీ మందు బంద్ చేస్త సాబ్, జిలేబీ తింట" అన్నడు బాపు.

డాక్టర్ సీసా తిప్పి చూసిండు. "ఇది మందు కాదని దీనిమీదనే రాసి ఉన్నది పెద్దయ్యా. మందును పరీక్షించినట్టు దీన్ని పరీక్షించరు. మీ కిడ్నీలకు ఏం చేస్తదో నాకూ తెల్వదు. నా గోళీ మాత్రం ఆపకుండ్రి."

"మీకూ షుగరే కదా సాబ్. ముందు మీరు వాడి చూడుండ్రి, వచ్చే నెల అడుగుత" అని బాపు సీసా అక్కడనే పెట్టి లేచిండు.

ఇంటికొచ్చినంక పాత గోళీ సప్పుడు చెయ్యకుంట వేసుకున్నడు. నాకిప్పుడు డాక్టర్ గురించే ఫికరున్నది. ఆయన ఆ సీసా మూత తీస్తడంటరా?