ఎండుపుల్ల మీద వేలు

దబ్బచెట్లు పన్నెండూ కొట్టించి పత్తి వేయాలని సేత్తూరు ఆసామి అళగిరి నాయకరు గొడ్డళ్లవాళ్లను పిలిపించిన పొద్దున, తోట కాసే బొమ్మి వాళ్లకూ చెట్లకూ మధ్య నిలబడింది. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం అది. దబ్బకాయలు ఊరబెట్టి అమ్మే చెల్లమ్మ కాయల కోసమని వచ్చి గట్టు మీదే ఆగిపోయింది.

“రెండేండ్లుగా కాయంతా గరుకు. పందిక్కూడా వద్దు. రాజపాళయం మిల్లులకి పత్తి కావాల. తప్పుకో బొమ్మీ!”

“గరుకు చెట్టుది కాదు నాయకరే, మీ కట్టెలది.” పొయ్యికని అళగిరి చెట్ల కిందే పేర్పించిన ఎండుకొమ్మల మోపుల్ని బొమ్మి చూపించింది. ఒక పుల్ల లాగి ఆయన వేలికి రాసింది. “ఎట్లుండాది?”

“నిన్న గొరిగిన గడ్డం మాదిరి.”

“కాయని గరుకు చేసే బూజుకి అదే పురిటిల్లు. పోయినేడు సర్కారు వ్యవసాయం ఆయన భూతద్దంలో చూపించినాడు. పచ్చికొమ్మలో ఈ బూజుకి పెండ్లి కాదు. పుల్ల చచ్చినాక, లోపల పోగూ పోగూ జతగూడి, నల్లబుడిపె కట్టి బిడ్డల్ని కంటాది. మీ వేలికి గుచ్చుకునింది ఆ బుడిపె మెడే. వాన తడి తగిలితే మెడలోంచి బిడ్డలు గాలికెగిరి లేతకాయ మీద వాల్తాయి. పురిటింటికి చోటిచ్చింది మీరు, గొడ్డలిపెట్టు చెట్టుకా?”

గొడ్డళ్లవాళ్లు నవ్వారు. అళగిరి నవ్వలేదు గానీ, ఒక్క కాపుకు గడువిచ్చాడు.

చెల్లమ్మ నమ్మలేదు. బూజుకు పెళ్లట, ముహూర్తం పెట్టిందెవరో అంటూ వీధంతా నవ్వించింది. బొమ్మి పట్టించుకోలేదు. వానలకు ముందే మోపులన్నీ కాల్చేసింది. చెట్టు మీద ఎండిన పుల్లనల్లా తడిమి విరిచింది. మరుసటి కాపు నున్నగా వచ్చింది. ఆ కాయల్లో ఉప్పు కూరుతూ చెల్లమ్మ ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూసుకుంది.

ఎనిమిదేళ్లు చెట్లు నిలిచాయి. ఆపైన ఒక వానకారు ముందు బొమ్మి కబురు పెడితే చెల్లమ్మ తోటకు వెళ్లింది. బొమ్మి చెట్టు కింద కూర్చుని కొంగులో ఏదో దాచుకుంది. విప్పి చూపితే, గరుకు కాయ.

“పుల్ల ఎండింది నీకు తెలీకపోయెనా అక్కా?”

“కండ్లు మసకేసి నాలుగేండ్లు. వేళ్లతో చూసుకుంటా వచ్చినా. ఇప్పుడు వేళ్లూ మొద్దుబారినాయి, నిప్పు తగిలినా తెలీదు. నాయకరు ఈ కాయ చూస్తే మళ్లీ గొడ్డలి తెస్తాడు.”

బొమ్మి ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు తానే చెల్లమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది.

“ఏమి నవ్వినావే నువ్వు ఆ పొద్దు! ఇప్పుడు రా, నాతో చెట్టుచెట్టూ తిరుగు. గుచ్చుకునే పుల్ల ఏదో నువ్వు తడిమి చెప్పు. విరిచేది మాత్రం నేనే.”