ఏడు మెట్ల మందిరం

యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన మందిరాన్ని నేను నా డైరీలో గీసుకున్నాను. ఇంజనీరింగు శాఖలో ముప్పై ఏళ్లకు పైగా ప్లాన్లు గీసిన చేయి, రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. బద్వేలు దగ్గర మా సంఘంలో బుధవారం బైబిలు పాఠం చెప్పేది నేనే. యెహెజ్కేలు గ్రంథంలోని ఆఖరి తొమ్మిది అధ్యాయాలు చెప్పడానికి దాదాపు ఏడాది పట్టింది. గోడల మందం, గుమ్మాల వెడల్పు, మెట్ల లెక్క అన్నీ ఆ డైరీలోనే వారం వారం రాసిపెట్టాను.

అది రాళ్లతో కట్టుకునే గుడి కాదని, క్రీస్తు శరీరమే ఆ మందిరమని, మనమంతా అందులో రాళ్లమని ప్రతి బుధవారమూ చెప్పేవాణ్ణి. చెప్పింది ఒకటి, చేసింది ఒకటి. పాత చర్చి మిద్దె కురుస్తోందని కమిటీ కొత్తది కట్టాలనుకుని, ప్లాను నన్ను గీయమంది. ప్రవక్త బయటి గుమ్మానికి చూసినట్టే నేనూ ఏడు మెట్లు పెట్టాను.

పునాది దగ్గరే బేల్దారి మేస్త్రీ అడిగాడు. "ఏంటికి సార్ ఇన్ని మెట్లు? ఈడ వానకే దిక్కు లేదు, వరదొస్తాదని భయమా?"

"లేఖనం ప్రకారం కడుతున్నాం. నీకు తెలీదులే."

"మా అమ్మ మోకాళ్లు చూసింటే ఆ లేఖనంలో రెండు తగ్గించేటోళ్లు" అని నవ్వి తాపీ అందుకున్నాడు.

పాత చర్చిని ఊడ్చి, చాపలు పరిచే పెద్దమ్మ ఒకామె ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది, మోకాళ్లు అరిగిపోయాయి. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దగ్గరగా మొదటి చాప ఆమెది. కొత్త చర్చి ప్రతిష్ఠ రోజున రెండు చేతులూ మెట్ల మీద ఆనించి, పసిపిల్లలు పాకినట్టు పైకి ఎక్కింది. వెనక ఎవరో నవ్వారు. తరువాతి ఆదివారం కిందే, చెప్పుల పక్కన కూర్చుంది.

"లోపలికి రా పెద్దమ్మా, ఇద్దరం చెరో పక్క పట్టుకుంటాం" అన్నాను.

"శెనక్కాయల మూట మాదిరా? ఈడికే ఇనబడతాదిలే నాయనా. మైకు పెట్టినారు గదా."

కొన్నాళ్లకు అదీ మానేసింది. ఆమె ఇంటికి వెళ్లాను. బండ మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నీ మీద కోపమేం లేదు నాయనా. ఒకటి అడుగుతా చెప్పు. ఆ గుడి గడప కింద నీళ్లు పుడతాయంటివి. ఉప్పు సముద్రం దాకా పోయి దాన్ని బాగుచేస్తాయంటివి. పల్లానికి దిగే గదా పోయేది? మల్ల మమ్మల్ని ఏంటికి ఎక్కమంటాండావు?"

ఇంటికొచ్చి బైబిలు తెరిచాను. కొలతల మధ్యలో దేవుడు ప్రవక్తతో ఒక మాట అంటాడు. ఈ మందిరాన్ని జనానికి చూపించమని, తమ తప్పులకు వాళ్లు సిగ్గుపడాలని. నా డైరీలో ఆ వచనం లేదు. దానిలో కొలత లేదు గనుక దాటేసి వెళ్లాను.

ర్యాంపు గీసి కమిటీ ముందు పెట్టాను. ముందువైపు అందం పోతుందన్నారు. దాతల పేర్లు చెక్కిన బండ మూసుకుపోతుందన్నారు. "ఒక్క ముసలామె కోసరం కట్టింది పగలగొడతామా అన్నా? అయినా గీసింది నువ్వే గదా" అన్నారు.

పాస్టరుగారు మంచివారు. సంస్కార ఆదివారం రొట్టె, ద్రాక్షరసం మెట్ల కిందికే తెచ్చిస్తామన్నారు. ఆ సంగతి చెప్పడానికి మళ్లీ వెళ్లాను.

"నా ఒక్కదాని కోసరం అయ్యగారిని దించేదేంటికి?" అంది. వస్తానని అనలేదు, రానని అనలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారూ నేనూ మెట్ల కింద ఎండలో నిలబడ్డాం. జనం చెప్పులు వేసుకుని మా పక్కనుంచే వెళ్లిపోయారు. రొట్టె పళ్లెం మీది గుడ్డ గాలికి లేస్తుంటే ఆయన అరచేత్తో అదిమిపట్టుకున్నారు. వీధి చివరి దాకా పెద్దమ్మ జాడ లేదు. చాలాసేపు చూసి, రొట్టె తీసుకుని ఇద్దరం పైకి ఎక్కాం.