కంచె తగ్గలేదు, నేల తగ్గింది

తొండియార్‌పేటలోని ఒక తెలుగు ప్రాథమిక పాఠశాల ఆటస్థలంలో పోయినవి ఇవి: ఒక బాదం చెట్టు, నాలుగు కొళాయిల సిమెంటు తొట్టి, త్రోబాల్ కోర్టు, ఉదయం ప్రార్థనలో అరవై మంది పిల్లలు నిలబడే చోటు. నేల లెక్కన 1,600 చదరపు అడుగులు. నేల తగ్గిందన్న సంగతి పోయిన రోజున ఎవరికీ తెలియలేదు. ఏమీ పోలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టినవాణ్ణి నేనే.

అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఇనుపతీగ కంచెలు తయారుచేసే ఒక యూనిట్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి, పోయిన ఏడాది స్వచ్ఛందంగా విరమించుకున్నాను. టేపు కొస పట్టుకునే హెల్పరుగా చేరి, మెజర్‌మెంట్ అసిస్టెంటునై, సీనియర్ ఎస్టిమేటరు దగ్గర ఆగాను. బడి చదువు పదో తరగతి వరకే. మిగిలిన లెక్కలు పాత పుస్తకాల అంగళ్ళలో కొన్న పాఠ్యపుస్తకాలు ముందు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఈ బడి పని నాకు అప్పగించింది సర్వీసులో పదిహేడో ఏట, మే నెల చివరి సోమవారం నాడు.

మా వృత్తిలో కొలత అంటే రన్నింగ్ అడుగు, అంటే కంచె పొడవు. తీగ యాభై అడుగుల చుట్టలుగా వస్తుంది. పది అడుగులకొక స్తంభం, ప్రతి మూలకూ రెండు ఊతకడ్డీలు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఎదురెదురు మూలల మధ్య టేపు లాగుతాం. రెండు కొలతలూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టే. ఇవన్నీ ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాస్తాం. అందులో పొడవుకు, ఎత్తుకు, స్తంభాలకు, మూలలకు గడులు అచ్చువేసి ఉంటాయి. వైశాల్యానికి గడి లేదు. కంచె వేసేవాడికి లోపల ఎంత నేల ఉందన్నది అక్కరలేదు.

బడి ఆటస్థలం ఎనభై అడుగుల పొడవు, ఎనభై అడుగుల వెడల్పున్న చతురస్రం. దాన్ని ఆనుకుని దేవరాజులు అనే ఆయన గోడౌను. హార్బరు నుంచి వచ్చే లారీలు తిరగడానికి ఆయనకు దారి చాలలేదు. అందుకని ఒక మార్పిడి అడిగాడు. ఆటస్థలంలో గోడౌను వైపు సగం, అంటే నలభై అడుగుల వెడల్పు, ఎనభై అడుగుల పొడవున్న ముక్క, బడి తనకివ్వాలి. బదులుగా మిగిలిన సగానికి వెనక నలభై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పున్న ముక్క తను బడికిస్తాడు. బడి స్థలం సన్నబడుతుంది గానీ పొడుగవుతుంది. పైగా తుప్పు పట్టిన పాత కంచె బదులు చుట్టూ కొత్త కంచె ఆయనే వేయిస్తాడు.

బడి వ్యవహారాలు చూసే కరస్పాండెంటు శెట్టిగారు సౌకార్‌పేటలో బట్టల హోల్‌సేల్ వ్యాపారి. తాతల నాటి ట్రస్టు బడి అది. ఊరికే నమ్మే మనిషి కాదు. సంయుక్త కొలతకు, అంటే రెండు పక్షాల ఎదుట తీసే కొలతకు, ఎండలో తానే వచ్చి టేపు వెంట నడిచారు. పాత కంచె చుట్టూ 320 అడుగులు వచ్చింది. కొత్త స్థలానికి కొట్టిన మేకుల చుట్టూ నూట ఇరవై, నలభై, నూట ఇరవై, నలభై. మళ్ళీ 320.

"అట్టయితే సరి. ఒక్క అడుగు కూడా పోలా. అదే రాయి మునిరత్నం," అన్నారు శెట్టిగారు.

రాశాను. "పాత కంచె 320, కొత్త కంచె 320. తేడా లేదు." చివరి రెండు మాటలూ మా వృత్తికి అవసరం లేనివి. ఆయన అడిగారని రాశాను. ఆ పేజీ నకలును మార్పిడి కాగితానికి జతచేసి, పైన "సమానమైన స్థలం" అని టైపు చేయించుకున్నారు. రిజిస్ట్రేషను తరువాత చూసుకుందామనుకున్నారు. కంచె మాత్రం పది రోజుల్లో లేచింది.

కంచె వేసిన రెండు నెలలకు తీగ సడలిందేమో చూసే తనిఖీ ఒకటి ఉంటుంది. ఆ పని మీద ఆగస్టులో బడికి వెళ్ళాను. వరండాలో సరోజ టీచరు ఐదో తరగతికి చుట్టుకొలత, వైశాల్యం చెబుతున్నారు. చుట్టుకొలత అంటే అంచు వెంట నడిస్తే వచ్చే దూరం, వైశాల్యం అంటే అంచు లోపల పట్టే గడుల సంఖ్య అని చెప్పి, ముప్పై రెండు అడుగుల తాడు కొసలు ముడివేసి పిల్లల చేతికిచ్చారు. వరండాలో పరిచినవి అడుగు పలకలు. పిల్లలు తాడును ఎనిమిదికి ఎనిమిదిగా పరిచి లోపలి పలకలు లెక్కపెట్టారు. అరవై నాలుగు. అదే తాడును పన్నెండుకు నాలుగుగా పరిచారు. నలభై ఎనిమిది.

దేవకి అనే పిల్ల రెండోసారి లెక్కపెట్టి, తాడును చూపిస్తూ తల వంచుకునే అంది: "కయిరు అదే గదా టీచర్. లోపల పదహారు పలకలు ఏడికి పోయినాయి?"

"ఏడికీ పోలేదమ్మా. పొడుగు చేసి సన్నం చేస్తే లోపల తగ్గుతుంది."

"మన గ్రౌండు కూడా అట్టే సన్నం చేసినారు గదా. ఈ కంచె సారే కొలిచింది."

వరండాలో అందరూ నా వైపు తిరిగారు. చేతిలో ఎం-బుక్ ఉంది. అందులో చూడాల్సిన పని లేదు. ఎనభై ఎనభైలు 6,400. నూట ఇరవై నలభైలు 4,800. పదిహేడేళ్ళుగా రోజూ పొడవులు కూడినవాణ్ణి. పుస్తకాల్లో చతురస్రాల వైశాల్యాలు వందలు కట్టినవాణ్ణి. మేకుల మధ్య నిలబడినప్పుడు మాత్రం గుణించలేదు.

సరోజ టీచరు తన తప్పు కూడా ఒకటి చెప్పారు. ప్రార్థనకు ఒక్కొక్కరికి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గడి గీస్తారు. బడిలో మూడు వందల అరవై మంది. పాత స్థలంలో నాలుగు వందల గడులు పట్టేవి. జూన్ నుంచి మూడు వందలే పడుతుంటే ఐదో తరగతివాళ్ళు అరవై మందినీ వరండాలో నిలబెడుతున్నారు. "గీతలు తప్పు గీస్తున్నానేమోనని రెండు తూర్లు చెరిపి గీసినా సార్. మీరు కొలిచినారు గదా, నేల తగ్గుంటుందని అనుకోలా," అన్నారు. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. నా సంతకాన్ని నమ్మి తనను తాను తప్పుపట్టుకున్నారు. నాకు ఎక్కువ తగిలింది అదే.

ఎం-బుక్‌లో రాసింది చెరపకూడదు. తప్పుంటే ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఆ సాయంత్రమే "తేడా లేదు" అన్న మాటలు కొట్టేసి, "కంచె పొడవులో తేడా లేదు. లోపలి స్థలం 1,600 చదరపు అడుగులు తగ్గింది" అని రాశాను.

మరునాడు మేనేజరు పిలిచారు. కస్టమరు దేవరాజులేనని, మనం అమ్మింది కంచేనని, నేల సంగతి మన పుస్తకంలోకి ఎందుకొచ్చిందని అడిగారు. "తేడా లేదు అన్న మాట ఎందుకొచ్చిందో ఇదీ అందుకే వచ్చింది" అన్నాను. డిప్లొమా ఉన్నవాళ్ళే ఇలాంటివి రాయరని ఆయన అన్నారు. వాళ్ళు రాయరు కాబట్టే నేను రాయాల్సి వచ్చిందన్నాను. దిద్దుబాటు వెనక్కి తీసుకోమని మెమో వచ్చింది. రెండు పంక్తుల జవాబిచ్చాను: "గుణకారంలో తప్పుంటే చూపండి. చూపితే కొట్టేస్తాను." ఎవరూ చూపలేదు. తరువాతి పన్నెండేళ్ళలో నా హోదా మారలేదు. అది కూడా ఎవరూ కాగితం మీద చూపలేదు.

శెట్టిగారిని ఒప్పించడం అంతకంటే కష్టమైంది. సౌకార్‌పేట అంగట్లో గుడ్డల కట్టల మధ్య కూర్చుని విన్నారు. "నా కళ్ళతో చూసినా గదప్పా. మున్నూట ఇరవై, మున్నూట ఇరవై. నువ్వే రాసినావు, ఇప్పుడు నువ్వే లేదంటున్నావు. ఏ లెక్క నమ్మేది?"

ఆయన వెనక ఒక తాను ఉంది. పన్నా ఎంతని అడిగాను. పన్నా అంటే గుడ్డ వెడల్పు. అరవై అంగుళాలన్నారు. "ముప్పై పన్నా గుడ్డ పంపి, మీటర్లు ఒకటిన్నర రెట్లు ఇచ్చినా గదా, సరిపోయిందంటే ఒప్పుకుంటారా శెట్టిగారూ?"

"నన్నేమన్నా కొత్తోడనుకున్నావా? పావు భాగం నష్టం అది."

ఆ మాట అంటూనే వేళ్ళ మీద లెక్క కట్టారు. బడి వెడల్పు ఎనభై నుంచి నలభైకి వచ్చింది. పొడవు ఎనభై నుంచి నూట ఇరవైకి పెరిగింది. పన్నా సగం, పొడవు ఒకటిన్నర. ఆయన కాగితం కూడా తీసుకోలేదు. చెప్పులు వేసుకుంటూ, "పద, ఆ దేవరాజుల్ని అడుగుదాం," అన్నారు.

తరువాతి శనివారం ఆటస్థలంలోనే కలిశాం. దేవరాజులు మార్పిడి కాగితం తెచ్చుకున్నాడు. "సమానమని కంపెనీవాళ్ళే రాసిచ్చినారు. ఇప్పుడు సుమ్మా, ఊరికే తగువు తీస్తే ఎట్ట?" అన్నాడు.

"సంతకం నాదే. కంచె పొడుక్కి పెట్టినా, నేలకి కాదు. నేలకిప్పుడు పెడతా, కొలుద్దాం రండి" అన్నాను.

సరోజ టీచరు పిల్లలందరినీ గడుల్లో నిలబెట్టారు. మూడు వందల గడులూ నిండాయి. మిగిలిన అరవై మందీ వెళ్ళి లారీ దారిలో, ఒకప్పుడు బాదం చెట్టున్న చోట, నాలుగడుగులకొకరు చొప్పున నిలబడ్డారు. లోపలికి రావలసిన లారీ ఒకటి రోడ్డు మీద ఆగి హారను కొట్టింది. పిల్లలు కదల్లేదు. దేవకి ముందు వరుసలో ఉంది.

దేవరాజులు వ్యాపారస్తుడు. రిజిస్ట్రేషనుకు శెట్టిగారి సంతకం ఇంకా కావాలని తెలుసు. మనసులో లెక్క కట్టుకున్నాడు. వెడల్పు నలభై కాబట్టి వరుసకు పది మంది. అరవై మందికి ఆరు వరుసలు, ఇరవై నాలుగు అడుగులు. "వెనక ఇరవై అయిదు అడుగులు జరుపుకోండి. ఒకడుగు ఎక్కువే ఇస్తున్నా. అందరూ పడతారు. సరేనా?"

అంటే వెయ్యి చదరపు అడుగులు. ఇంకా ఆరు వందలు రావాలని అన్నాను. ఆయన నవ్వాడు. "పిల్లోళ్ళు పట్టినారు గదా సార్. ఇంకా ఎవురిని నిలబెడతారు, మిమ్మల్నా?" శెట్టిగారు కూడా అలసిపోయి ఉన్నారు. ప్రస్తుతానికి ఒప్పుకుందామన్నారు. "సమానమైన స్థలం" అన్న మాట కొట్టేస్తేనే ఒప్పుకోవాలని పట్టుబట్టాను. కొట్టేశారు.

వెనక కంచె ఇరవై అయిదు అడుగులు జరిగింది. రెండు పక్కలా ఇరవై అయిదేసి అడుగులు కలిపి సరిగ్గా ఒక తీగ చుట్ట పట్టింది. ఆ కొలత కూడా నేనే తీశాను. ఈసారి గడి లేకపోయినా పేజీ అడుగున రాశాను: "చుట్టుకొలత 370 అడుగులు, పాతదానికంటే 50 ఎక్కువ. వైశాల్యం 5,800 చదరపు అడుగులు, పాతదానికంటే 600 తక్కువ."

ఆ రోజు నుంచి ఎస్టిమేటు వేసిన ప్రతి పనికీ పేజీ అడుగున లోపలి వైశాల్యం రాశాను. వద్దని మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ వినలేదు. కంచె పొడవు చెప్పి నేల సంగతి చెప్పకపోతే, పొడవు ఎంత సరిగ్గా ఉన్నా అది సగం కొలతే. సగం కొలత మీద పూర్తి సంతకం పెట్టకూడదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే.

విరమించుకున్నా ఏటా జూన్‌లో ఆ బడికి వెళ్తాను. సరోజ టీచరు తాడు తీస్తారు, పిల్లలు పలకలు లెక్కపెడతారు, ఆ తరువాత టేపుతో ఆటస్థలం కొలుస్తారు. వచ్చిన లెక్కను ఐదో తరగతివాళ్ళు ఒక కాగితం మీద రాసి గోడౌనుకు పట్టుకెళ్ళి ఇస్తారు. దేవరాజులు తీసుకుంటాడు, జవాబివ్వడు. ఈ ఏడాది కాగితంలోనూ అంకె మారలేదు. రావలసినది: 600 చదరపు అడుగులు.