అవ్వ గీసిన పీకలు

మా కర్రీ పాయింట్‌లో పెరుగు డబ్బాల మూతలు మాయమవుతుంటే ఊరందర్నీ అనుమానించాను. గిన్నెలు కడిగే ఆమెను తిట్టాను. పక్క టీ కొట్టు అన్నతో లొల్లి పెట్టుకున్నాను. నా నోరు అలాంటిది, ముందు అంటుంది, తర్వాత ఆలోచిస్తుంది. చివరికి ఆ మూతలన్నీ మా ఇంట్లోనే, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ మంచం కింద బిస్కట్ డబ్బాలో దొరికాయి. వాటితోపాటు రాయడం అయిపోయిన పెన్నుల గొట్టాలు, కుట్టు మిషను దారం, కొవ్వొత్తి ముక్క, పగిలిన సీసా పెంకు.

"ఏందే అవ్వా ఇవి? చెత్త ఏరుకునే పని పెట్టుకున్నవా?"

"మీ బాపు తిత్తికి పీకలు చేస్తున్న. నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా? ఉత్తగ గా పిల్లను తిడితివి."

తిత్తి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మేకతోలు సంచీ. ఒక గొట్టంలోంచి ఊది సంచీ నింపి చంకలో పెట్టుకుని నొక్కితే, ఇంకో గొట్టంలోంచి ఒకే ఒక్క స్వరం ఆగకుండా వస్తుంది. బాగోతంలో పాటగాడి గొంతుకు అదే ఆధారం, దాన్నే సుతి అంటారు. ఆ రెండో గొట్టంలో దాగి ఉండేదే పీక. సన్నటి గొట్టానికి పక్కన గాటు పెట్టి, గాటు మీద నాలుకలాంటి రేకు కడతారు. గాలి తగిలి ఆ నాలుక అదిరితేనే మోత. నాలుక మందంగా ఉంటే బలంగా ఊదాలి, పలచగా ఉంటే కొద్ది గాలికే పలుకుతుంది.

మా బాపు గోదావరిఖనిలో బాయి దిగి బొగ్గు నింపినవాడు. డ్యూటీ లేని రోజుల్లో బాగోతం మేళంలో సుతి పట్టేవాడు. అప్పుడు కూడా పీకలు చేసేది అవ్వే. గోదావరి ఒడ్డున రెల్లు కోసుకొచ్చి, నీడలో ఆరబెట్టి, గాజు పెంకుతో గీసి, నోట్లో పెట్టుకుని పీల్చి చూసేది. బాపు ఎన్నడూ పరీక్షించేవాడు కాదు. అవ్వ ఇచ్చిందంటే కళ్లు మూసుకుని గొట్టంలో బిగించుకునేవాడు. ఇప్పుడు ఆ రెల్లు లేదు, ఆ జాగాలో ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్టలా పేరుకుంది. మేళం వాళ్లు కూడా ఒక్కొక్కరే పోయారు. నేనొక్కదాన్నే బిడ్డను కాబట్టి, బాపు రిటైరయ్యాక ఇద్దరూ నా దగ్గరే ఉన్నారు.

బాపు ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుందని దవాఖానలో చెప్పి, ఊపిరికి కసరత్తుగా రోజూ ఊదడానికి, గాలికి మూడు గోళీలు పైకి లేచే డబ్బా ఒకటి ఇచ్చారు. బాపు దాన్ని రెండుసార్లు ఊది మంచం కిందికి తన్నాడు. "నేనేమన్న చిన్నపిల్లగాన్నా గోళీలాడనీకి? ఊదుడే గద గావాల్సింది. నా తిత్తి దించు" అన్నాడు. ఏళ్లుగా మేకుకు వేలాడుతున్న తిత్తికి ఆముదం రాసి మెత్తబరిచాం. అవ్వ ప్లాస్టిక్ పీకలు మొదలుపెట్టింది అందుకే.

ఇక అది రోజువారీ పని అయింది. సాయంత్రం టీ తాగి తిత్తి నింపి, ఒక పద్యం మనసులో అనుకుంటూ అది అయ్యేదాకా సుతి పట్టేవాడు. "పద్యమంతా తెగకుంట పట్టిన్నంటే నా ఊపిరికి ఏం ఫికర్ లేదు" అనేవాడు. ఆయాసం పెరిగితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కానీ నేను దవాఖాన మాట ఎత్తగానే బాపు తిత్తి చూపించేవాడు. "సుతి నిలబడుతుందా లేదా? మరెందుకు నీ లొల్లి?"

నిలబడుతూనే ఉంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. మంచం దిగి నల్లా దాకా నడవలేని మనిషి, పడుకుంటే ఊపిరి ఆడదని రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే మనిషి, పద్యమంతా సుతి ఎలా పడుతున్నాడు? పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయ్యాయి. మోత మాత్రం తెగడం లేదు. కాకపోతే ముందు బర్రె అరిచినట్టున్న ఆ మోత ఇప్పుడు దోమ పాటలా సన్నబడింది.

ఒకరోజు వాకిట్లో ఉల్లిగడ్డలు కోస్తూ అవ్వను చూశాను. మూత ముక్కను బండమీద పెట్టి పెంకుతో గీస్తోంది. వేలి మీద పెట్టి వంచి చూసి, మళ్లీ గీస్తోంది. నేను పోయి లాక్కున్నాను. అవతలి వేలు కనిపిస్తోంది దాంట్లోంచి.

"అవ్వా, గింత పలచగనా?"

అవ్వ ఆ ముక్క కోసం చెయ్యి చాపింది.

"బాపు ఊపిరి ఎంత తగ్గితే నువ్వంత గీస్తున్నవా?"

"గట్టిగ అనకు. ఇంటడు."

"ఇననీ! బాగున్న అనుకుని దవాఖానకు రాకపాయె. సంపుతున్నవే నువ్వు!"

"నువ్వు బీపీ ఉన్నోళ్లకు ఉప్పు తగ్గిచ్చి పెడ్తలేవా? వాళ్లకు చెప్పి పెడ్తున్నవా?" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా సుతి ఒక్కటి చూస్కొని లేస్తున్నడు బిడ్డ. గది గూడ పోయిందంటే ఇగ లేవడు. దవాఖానకు పోయినోళ్లు ఎంతమంది ఎనకకొచ్చిన్రు చెప్పు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాపు పెట్టె తెరిచాను. మేళం రోజుల నాటి రెల్లు పీక ఒకటి గుడ్డలో చుట్టి ఉంది, అది కూడా అవ్వ చేసిందే. తీసుకుపోయి బాపు చేతిలో పెట్టాను. "దీంతోని ఊదు" అన్నాను. గుమ్మంలో నిలబడి అవ్వ వద్దన్నట్టు తల ఊపుతూనే ఉంది.

బాపు నవ్వి బిగించుకున్నాడు. ఊదాడు. ఉస్సుమని గాలి పోయింది తప్ప మోత రాలేదు. మళ్లీ ఊదాడు. మూడోసారి దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. నేను వీపు నిమరబోతే చెయ్యి తోసేశాడు. దగ్గు తగ్గాక, పక్కన తీసిపెట్టిన ప్లాస్టిక్ పీకను వెలుతురుకు ఎత్తి చూశాడు. నాలుకను గోటితో తాకాడు, అది పాలమీది మీగడలా వంగింది. అవ్వ వైపు ఒకసారి చూశాడు.

"దవాఖానకు పోదాం పా బిడ్డ" అన్నాడు నాతో.

ఆటోలో తీసుకుపోయాం. ఇంకో రెండు రోజులు ఆగితే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టర్ అన్నాడు. కాబట్టి నేను చేసింది తప్పని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. బాపు బతికాడు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషనుతో ఇంటికి వచ్చాడు.

వచ్చాడు కానీ అవ్వతో మాట్లాడటం మానేశాడు. ఆమె పెట్టిందే తినేవాడు, ఆమె పక్క దులిపితే లేచి కూర్చునేవాడు. మాట మాత్రం లేదు. నీళ్లు కావాలన్నా నన్నే కేకేసేవాడు. ఓపిక పట్టి పట్టి ఒకరోజు నేను అడిగేశాను.

"నీ మంచికే చేసింది గదా బాపు. ఇంకెన్ని రోజులు ఈ అలక?"

"అలక గాదు బిడ్డ." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "బాయిల కప్పు సప్పుడు జేస్తే ఇన్నోడు పక్కోనికి చెప్పాలె. దోస్తువైనా పగోడైనా చెప్పాలె. ఒకడు ఇన్నడు, భయపెట్టుడెందుకని ఊకున్నడు. కప్పు కూలి ఇద్దర్ని బొంద పెట్టినం. గాడు గూడ మంచికే అనుకున్నడు."

ఆ మాట అవ్వకు చెప్పకుండా ఉండాల్సింది. కానీ నా కడుపులో మాట దాగదు. వంటింట్లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవ్వ చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది.

"గట్లన్నడా? అందరికన్న ముందు ఇన్నది నేనే బిడ్డ. రోజూ ఇన్న. చెప్పనీకి నోరు రాకపాయె" అంది. ఏడవలేదు. పులుసు పొయ్యి మీద పెట్టింది. అప్పుడైనా పోయి ఆ మాట బాపుతో అనమని తోశాను. గడప దాకా పోయింది. బాపు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వెనక్కి వచ్చేసింది.

చలికాలం గడిచింది. ఎండలు ముదిరాక, ఒక మధ్యాహ్నం నేను కొట్టులో ఉండగా బాపు పోయాడు. ముక్కుకు గొట్టం అలాగే ఉంది. అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. చివరికి ఏమైనా మాట్లాడాడా అని అడగడానికి నాకే నోరు రాలేదు.

గోదావరికి పోయే తోవలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలవాలి. కొడుకుల్లేరు కనుక నన్ను పిలవమన్నారు. బాపూ, బాపూ, బాపూ అని పిలిచాను. లేవబోతుంటే ఆడవాళ్లను తోసుకుంటూ అవ్వ వచ్చింది. నా పక్కన కూలబడి, బాపు చెవి దగ్గరికి వంగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, పక్కనున్న మనిషికి చెప్పినట్టే చెప్పింది.

"నీ ఊపిరి తగ్గింది. లే, దవాఖానకు పోదాం."

డప్పుల వాళ్లు డప్పులు ఆపి నిలబడ్డారు. అవ్వ ఆ మాటే ఇంకో రెండుసార్లు చెప్పింది. తర్వాత పాడె ఎత్తారు.