వ్యాను పిన్ని బండికి చలవ

వ్యాను పిన్నికి పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "లేకపోవడమేంటి, వ్యాన్నిండా ఉన్నారుగా, నా చెవులు చిల్లులు పడుతుంటే!" అని నోరు మూయించేది. బడిపిల్లల్ని తిప్పే ఆ పాత వ్యానే ఆవిడ లోకం. పొద్దున్నే ప్రతి సీటు బెల్టూ లాగి చూసేది, తలుపు గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి చూసేది. ఆ శ్రద్ధకి చేతులెత్తి దండం పెట్టాలి.

అలాంటి మనిషి బండే ఒకనాడు ఎత్తురోడ్డు మధ్యలో పొగలు కక్కింది. పిల్లల్ని దించి, ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి గోడవార నిలబెట్టింది. వాళ్ళకి అదో తమాషా. పిన్నికి మాత్రం గుండె జారిపోయింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అత్తగారు వెన్ను నిమిరి, "నీ బండి కడుపు చల్లగా ఉండాలే తల్లీ" అని దీవించింది. ఆనాటినుంచి బండి తీసినప్పుడల్లా గుమ్మంలోంచి అదే దీవెన.

పిన్ని ఆ మాటే పట్టుకుంది. మెకానిక్ అయిన మరిది నీళ్ళు కారుతున్న గొట్టం మార్చి, "ఇక భయం లేదు వదినా" అన్నాడు. వింటేనా? "ఒంటికి వేడి చేస్తే చలవ చెయ్యమూ? దీనికీ చెయ్యి" అని పట్టుబట్టింది. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని చిన్న తలుపే థర్మోస్టాట్. అతను నెత్తి గోక్కుని, తక్కువ వేడికే తెరుచుకునే రకం తెచ్చి బిగించాడు. వేడి చూపించే ముల్లు అడుగునే పడుకుంది. పిన్ని ప్రాణం కుదుటపడింది.

కొద్దిరోజులకే ముందుపలకలో ఇంజన్ బొమ్మ దీపం వెలిగింది. మరిది స్కానర్ తగిలిస్తే, ఇంజన్ వేడెక్కడం లేదని కోడ్! చెరిపేశాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెరిపాడు. జిడ్డులా వదల్లేదు. పైగా బండి పెట్రోలు గటగటా తాగేస్తోంది.

"నీ బండి చలికి వణుకుతోంది వదినా! ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంది. పాత రకమే పెట్టేద్దాం."

"మళ్ళీ మరిగితే? ఆ మాటెత్తావంటే చూడు!"

ఈలోగా బడినుంచి కబురొచ్చింది: శనివారం బళ్ళ తనిఖీ, దీపం వెలిగే బండిలో పిల్లల్ని ఎక్కించరు. ఆ పిల్లలే లేకపోతే పిన్నికి ఇంకేముంది? స్టాండులో ఓ డ్రైవరు, "నల్లటేపు అంటించెయ్యక్కా, ఎవడు చూడొచ్చాడు!" అని ఉచిత సలహా పారేశాడు. మరిది కూడా, "తనిఖీకి ముందు చెరిపేస్తాలే, అయ్యేదాకా రాదు" అన్నాడు.

పిన్ని ఆ దీపాన్నే చూస్తూ కూర్చుంది. "ఇది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే, రేపు నిజంగా ఇంకేదైనా పాడైతే నాకు తెలిసేదెలారా?" అంది.

అదీ పిన్నంటే! భయం గొంతుదాకా ఉన్నా, దానికోసం పిల్లల్ని ప్రమాదంలో పెట్టదు. "పాత రకమే పెట్టు" అంది.

పెట్టాక ఇద్దరూ బండిని అదే ఎత్తురోడ్డు ఎక్కించారు. ముల్లు అడుగునుంచి లేచింది. పిన్ని స్టీరింగ్ పట్టు బిగించి, ఊపిరి బిగబట్టింది. ముల్లు సగానికొచ్చి అక్కడే నిలబడింది. "ఊపిరి పీల్చుకో వదినా, దానికి అదే సుఖం" అన్నాడు మరిది. శనివారం తనిఖీలో పిన్ని బండికి ఒక్క వంక దొరకలేదు.

సోమవారం బండి తీస్తుంటే గుమ్మంలోంచి అత్తగారు, "నీ బండి కడుపు చల్లగా!" అంది.

మరిది పకపకా నవ్వాడు. "అమ్మా, నీ దీవెనకో దండం! ఆ చలవతోనే ఇన్ని తిప్పలు. ఇంజన్ వెచ్చగా ఉండాలే!"

"ఇంజన్ ఊసు నేనెప్పుడెత్తానురా మొద్దూ?" అని కసిరింది ముసలావిడ. "ఆ బండి కడుపులో కూర్చునేది పిల్లలు కాదూ? నా కోడలి పిల్లలు చల్లగా ఉండాలన్నాను."

కోడలి పిల్లలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారి నోట ఆ మాట వినడం ఇదే మొదలు. పిన్ని గేరు వేసింది.

మొదటి మలుపులో ఎక్కిన పిల్ల ఆవిడ ముఖంలోకి తొంగిచూసి, "పిన్నీ, ఏడ్చావా?" అంది.

"ఏడుపేంటే, ఇంజన్ వేడికి చెమట. కూర్చుని బెల్టు పెట్టుకో" అంది పిన్ని.