మిరపబస్తా గాడిద

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నేను మనుషులతో కంటే ప్రెషర్ కుక్కర్‌తోనే ఎక్కువ మాట్లాడేదాన్ని (అది కనీసం విజిల్ వేసి బదులిచ్చేది). భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న చిన్న ఊరి బ్యాంకులో నేను ‘మూడో కౌంటర్ మేడమ్’ని. సాయంత్రం గది తాళం తీసి లోపలికి పోతే, మళ్లీ పొద్దున్న దాకా పలకరించే దిక్కు లేదు. అట్లాంటి ఒక సాయంత్రం పక్క వాటాలో ఉండే ఓనరాంటీ వచ్చి, చర్చిలో క్రిస్మస్ నాటకానికి మాస్కులు చేసిపెట్టమని అడిగింది. నా గోడ మీది బొమ్మలు కిటికీలోంచి చూసిందట. ఒక మనిషి నా తలుపు తట్టిందన్న సంబరంలో, మాస్కులు చేయడం నాకు రాదన్న సంగతి చెప్పడం మర్చిపోయాను.

గుడ్ల అట్టలు నానబెట్టి గొర్రెల మూతులు చేశాను. ఆంటీ పాత దిండు విప్పి దూది అంటించాను. గాడిదకు మాత్రం ఆంటీ తెచ్చిన గోనెసంచి, చెవులకు తెగిపోయిన హవాయి చెప్పులు, జూలుకు కొబ్బరిపీచు. అది మిరపకాయల బస్తా అని తెలుసు. దులిపి ఎండలో వేస్తే సరిపోతుందనుకున్నాను (నా తెలివి అంతవరకే).

గాడిద వేషం ఆంటీ తమ్ముడిది. బొగ్గుగనిలో పనిచేసే మనిషి, దుమ్ము అతనికి కొత్త కాదు. మేరీ, యోసేపు స్టేజీ ఎక్కాక అతను మాస్కులో తల పెట్టి, పెట్టినంత జల్దీగా తీసేశాడు. “అక్కా, గనిల గూడ గిట్ల మండలే. నాతోని కాదు,” అంటూ నల్లా దగ్గరికి పరుగెత్తాడు. ఆంటీ నా వైపు చూసింది.

ఆ మాస్కు నేనే తగిలించుకుని, నాలుగు కాళ్ల మీద స్టేజీ ఎక్కి తుమ్మిన తుమ్ములకు యోసేపు మాటలు మర్చిపోయాడు. చర్చి మొత్తం నవ్వుతోంది. మేరీ వేషంలోని బడిపిల్ల జాలిపడి నా వీపు నిమిరింది. నా కళ్లు ధారగా కారుతున్నాయి. కాసేపటికి అది మిరప ఘాటు ఒక్కటే కాదని తెలిసింది. ఊరికి వచ్చినప్పటి నుంచి దాచుకున్న ఏడుపంతా, అంతమంది మధ్య, ఎవరికీ కనబడకుండా హాయిగా ఏడ్చేశాను.

దిగాక ఆంటీ తడిబట్టతో నా మొహం తుడిచింది.

“ఘాటేనా బిడ్డా, ఇంకేమన్ననా?”

“ఘాటే, ఆంటీ.”

“అవ్, ఘాటే,” అని, ఇంకేమీ అడగకుండా తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది.

పండగ మర్నాడు బ్యాంకుకు పోతుంటే వీధిలో పిల్లలు “గాడిదక్కా” అని పిలిచారు. నేను వెంటనే తిరిగి చెయ్యి ఊపాను. ఇప్పుడు ఖమ్మంలో నాకు సొంత క్యాబిన్, తలుపు మీద పేరు ఉన్నాయి. అప్పటి ఆ మూడో కౌంటర్ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. గాడిదా అన్నందుకు ఎవరైనా అంత మురిసిపోతారా? పాపం, మురిసిపోయింది.