టేపురికార్డరులో ఇరుక్కున్న నా వంతు

అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. రాయడం రాదు కాబట్టి ఉత్తరాలకు బదులు క్యాసెట్టు పంపేది. సెలవు మీద వచ్చేవాళ్ళెవరో దాన్ని పౌడరు డబ్బాల మధ్య పెట్టుకుని తెచ్చి, కోడూరు దగ్గర మా ఊళ్ళో ఇచ్చి వెళ్ళేవాళ్ళు. మేం విని, ఆమె మాటల మీదే మా మాటలు రికార్డు చేసి, తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. మా మాటల మీద ఆమె మళ్ళీ తన మాటలు ఎక్కించేది. ఆమె అక్కడున్న మూడేళ్ళూ ఆ ఒక్క క్యాసెట్టే అటూ ఇటూ తిరిగింది. పాత మాటలు దాచుకోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మనిషి ఉంది కదా, మళ్ళీ మాట్లాడుతుంది కదా అనుకున్నాం.

క్యాసెట్టు వచ్చిన రోజు ఇల్లు నిండిపోయేది. అమ్మ ముందు ప్రార్థన చేసేది. తర్వాత వరసగా పలకరింపులు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళతో మొదలుపెట్టి చిన్నవాళ్ళ దగ్గరికి రావాలి. వరస తప్పితే అలకలు, మాటలు మానెయ్యడాలు. అందుకని నానమ్మ, నాన్న, పాస్టరుగారు, పెద్దత్త, చిన్నత్త, ఆఖరికి పక్కింటివాళ్ళ గేదె ఈనిందా లేదా కూడా అడిగాక నా దగ్గరికి వచ్చేది. అప్పటికి టేపు రెండు వైపులా అయిపోయేది. “ఇక నా చిట్టితల్లీ” అని నాలుగు మాటలు అనేలోపు టక్కుమని ఆగిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల ఒళ్ళు మండిపోయేది. గేదె తర్వాత వచ్చే కూతుర్ని నేను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చింది చివరి క్యాసెట్టు. మా ఊరి ఉప్పుగాలికి తాళం కప్ప నుంచి సైకిలు గొలుసు దాకా అన్నీ తుప్పు పడతాయి. అన్నిటికీ మావాళ్ళు వేసే మందు ఒకటే, కొబ్బరినూనె. టేపురికార్డరు కీచుమంటోందని నాన్న ఆ రోజు దాని లోపలి చక్రాలకి కూడా శుభ్రంగా నూనె పట్టించి, అప్పుడు క్యాసెట్టు పెట్టాడు. చక్రాలకి నూనె పెడితే టేపు జారి చుట్టుకుంటుందని చెప్పేవాళ్ళెవరు?

మొదటి వైపు బాగానే తిరిగింది. రెండో వైపు చిన్నత్తని పలకరిస్తుండగా అమ్మ గొంతు సాగిపోయింది, మగగొంతులా బొంగురుపోయింది, ఆగిపోయింది. టేపు నూనె చక్రానికి చుట్టుకుపోయింది. మూత రాలేదు. దాన్ని పెకలించడానికి నాన్న వంటింట్లోంచి చాకు తెచ్చాడు. నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“తెగుద్దిరా. వదిలెయ్. అది మళ్ళీ పంపుద్దిలే.”

రెండు వారాలకి అమ్మ పోయిందని ఫోనొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. నెల తర్వాత పెట్టె వచ్చింది, పాతిపెట్టాం. ఏడాది తిరక్కుండా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మగమనిషికి తోడు కావాలి కదా అని ఊరంతా తెగ జాలిపడింది. అమ్మ సంపాదనతో వేసిన స్లాబు కిందే కొత్తావిడ కాపురం పెట్టింది. టేపురికార్డరు పాత చీర చుట్టుకుని బీరువా మీద కూర్చుంది. ఆ ఇంట్లో దాని గురించి ఆలోచించేదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళ వంతు వాళ్ళు విన్నారు. నా వంతు దాని పొట్టలోనే ఉండిపోయింది. అమ్మ నాతో ఏం చెప్పిందో నాకు కావాలి.

గుడివాడలో డిగ్రీ చదివే రోజుల్లో, ఒకసారి ఇంటికొచ్చి తిరిగి వెళ్తూ దాన్ని సంచిలో పెట్టుకున్నాను.

“ఆ డొక్కు దేనికే?” అన్నాడు నాన్న.

“నీకు పనికిరాదుగా” అన్నాను.

బస్సు మారడానికి బందరులో దిగినప్పుడు ఒక షాపులో చూపించాను. సీడీల కాలంలో ఇదేంటని షాపువాడు నవ్వి, క్యాసెట్టు పగలగొట్టి లాగేస్తానన్నాడు. సంచి లాక్కుని వచ్చేశాను. గుడివాడ స్టేషను రోడ్డులో, సెల్‌ఫోన్ కవర్లమ్మే కొట్టు వెనక, ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. ఆయన నవ్వలేదు.

“ఎవరి గొంతమ్మా ఇందులో?”

“మా అమ్మదండీ.”

“ఉందా?”

“లేదండీ.”

స్టూలు చూపించి కూర్చోమన్నాడు. వెనక స్క్రూలు విప్పాడు. మూతని బలవంతం చెయ్యకుండా, లోపలి పెద్ద చక్రాన్ని వేలితో వెనక్కి, చాలా నిదానంగా తిప్పాడు. చుట్టుకున్న టేపు ఒక్కో మెలికా విడిచింది. దూదితో స్పిరిట్ అద్ది నూనె జిడ్డు తుడిచాడు. “దీనికి నూనె పెట్టిన మహానుభావుడెవరమ్మా?” అన్నాడు. మా నాన్న అని చెప్పడానికి నాకేమీ సిగ్గనిపించలేదు. నలిగిన టేపుని వేళ్ళ మధ్య సాపు చేసి, ఖాళీ క్యాసెట్టు డబ్బాలోకి ఎక్కించి, తన షాపు ప్లేయర్లో పెట్టాడు.

అమ్మ చిన్నత్తతో మాట్లాడుతోంది. పక్కింటివాళ్ళ గేదె కూడా అయింది.

“ఇక నా చిట్టితల్లీ, నీకు శానా చెప్పాలే ఈసారి. పొద్దున్నించీ అనుకుంటన్నా...” దూరంగా ఎవరో ఆడమనిషి అరిచింది. “ఆ, వస్తన్నా మేడం” అంది అమ్మ. టక్కుమని శబ్దం.

టేపు మాత్రం ఆగలేదు, తిరుగుతూనే ఉంది. వెనక్కొచ్చి మిగతాది చెప్పి ఉంటుందని చెవి స్పీకరుకి ఆనించాను. ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. అంతకుముందు మేం పంపిన మాటల్లో చివరివి అవి, అమ్మ చెరపకుండా మిగిలిపోయినవి.

“అమ్మా, నువ్వు పంపిన గౌను పొట్టిగా ఉంది. ఈసారి నాకు వాచీ కావాలి. మా క్లాసులో అందరికీ ఉంది. నువ్వు రాకపోయినా పర్లేదు, వాచీ మాత్రం పంపించు.”

మెకానిక్ ప్లేయర్ ఆపి నా వైపు చూశాడు.

“ఎవరమ్మా ఆ పిల్ల?”

“తెలీదండీ” అన్నాను.